యోగా చేస్తుంటే ఆయుర్వేదం కూడా కావాలా?

యోగా క్లాసుకు వెళ్తున్నా గ్యాస్ ట్రబుల్ తగ్గడం లేదు, ఆయుర్వేదం కూడా మొదలుపెట్టాలా, అసలు ఈ రెండింటికీ సంబంధం ఏమిటి అని అడిగారు. నేను గుంటూరులో చాలా ఏళ్లుగా పొద్దున పూట యోగా నేర్పిస్తున్నానండి. మా మామగారు ఆయుర్వేద వైద్యులు. ఇంట్లో ఈ రెండింటి మీదా వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

రెండింటి గురి వేరు. పతంజలి యోగం మనసు కోసం. చిత్తవృత్తుల్ని, అంటే మనసులో లేచే ఆలోచనల్ని నిలపడమే యోగమని తన యోగసూత్రాల్లో రెండోదానిలోనే చెప్పేశాడు. ఆయుర్వేదం ముందు ఒంటి సంగతి చూస్తుంది. ఆసనాలు, ప్రాణాయామాలతో సాగే హఠయోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ ఒకటే భాష మాట్లాడతాయి. 15వ శతాబ్దం నాటి హఠయోగ ప్రదీపిక అనే పుస్తకంలో ప్రాణాయామాల గురించి చెబుతూ సూర్యభేదనం వాతాన్ని, ఉజ్జాయి గొంతులోని కఫాన్ని, శీతలి పిత్తాన్ని తగ్గిస్తాయని ఉంటుంది. ఇవన్నీ వైద్యుల మాటలే కదా. అదే పుస్తకంలో ఇంకో ముక్క కూడా ఉంది: షట్కర్మలు, అంటే ఒంటిని శుభ్రపరిచే ఆరు క్రియలు, కొవ్వు, కఫం ఎక్కువున్నవాళ్లే చేయాలి, దోషాలు (వాత, పిత్త, కఫాలు) సమంగా ఉన్నవాళ్లకు అక్కర్లేదు అని. టీవీ చూసి ఊరంతా చేసే కపాలభాతి (గాలిని ముక్కుతో విసురుగా బయటికి వదలడం) ఆ ఆరింటిలో ఒకటి!

మీలాగే పుల్లటి తేన్పులతో ఒక మాస్టారు మా క్లాసుకు వచ్చేవారు. తెల్లారకుండానే స్ట్రాంగ్ కాఫీ, ఆ వెంటనే కపాలభాతి, ఆపైన కొలిమితిత్తిలా వేగంగా ఊపిరి పీల్చి వదిలే భస్త్రిక. మామగారికి చూపిస్తే నాడి పట్టుకోకముందే "రాత్రి భోజనం ఎన్నింటికండీ?" అన్నారు. ట్యూషన్లు అయ్యేసరికి పది దాటుతుందట, అప్పుడు గోంగూర పచ్చడితో అన్నం. మందేమీ రాయలేదు. భోజనం ఎనిమిదికల్లా ముగించమన్నారు, పచ్చడి మధ్యాహ్నానికి మార్చమన్నారు. నేను కపాలభాతి, భస్త్రిక మాన్పించి శీతలి చేయించబోయాను. నాలుకను గొట్టంలా చుట్టి దాని గుండా గాలి లోపలికి పీల్చి, ముక్కుతో వదలడం. అందరికీ నాలుక అలా చుట్టుకోదు. ఆయనకూ రాలేదు, అందుకని పళ్ల సందుల్లోంచి పీల్చే సీత్కారి నేర్పాను. భోజనమయ్యాక కాసేపు వజ్రాసనం. తేన్పులు పూర్తిగా పోలేదు గానీ, రాత్రిళ్లు గుండెల్లో మంటతో లేచి కూర్చోవడం తప్పింది. ఇందులో ఎంత సీత్కారి వల్ల, ఎంత పెందలాడే తినడం వల్ల అని నన్నడిగితే, ఎక్కువ భాగం రెండోదానికే ఇస్తాను.

ఎంత తినాలన్న దగ్గర ఈ రెండు శాస్త్రాలకూ తేడా లేదు. కడుపులో రెండు భాగాలు అన్నం, ఒక భాగం నీళ్లు, నాలుగో భాగం ఖాళీ అంటుంది పాతకాలపు వైద్యుడు వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం. నాలుగో వంతు వదిలేయమని హఠయోగ ప్రదీపిక కూడా అంటుంది. ఏం తినాలన్న చోట మాత్రం గొడవ. ప్రదీపిక వద్దన్న జాబితాలో ఆవాలు, నువ్వులు, పెరుగు, మజ్జిగ, ఉలవలు కూడా ఉన్నాయి. అంటే మన తాలింపు, ఉలవచారు అన్నీ పోయినట్టే. ఆయుర్వేదమేమో మొలలకు, గ్రహణికి (అరగక విరేచనాలు సరిగా లేని జబ్బు) మజ్జిగను మందులా వాడుతుంది. నా లెక్కలో ప్రదీపిక నియమం ఒంటరిగా కూర్చుని సాధన చేసుకునేవాడికి. ఇల్లూ ఉద్యోగం ఉన్న మనకు తిండి విషయంలో వైద్యుడి మాటే దారి.

ఎంత కష్టపడాలన్నది మాత్రం నేను పూర్తిగా ఆయుర్వేదం నుంచే తీసుకున్నాను. బలం ఉన్నవాళ్లయినా సగం శక్తి వరకే వ్యాయామం చేయాలి, అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా రోజుల్లో ఇంకా తక్కువ అంటాడు వాగ్భటుడు. నుదుటి మీద, చంకల్లో చెమట పట్టి నోరు ఎండుతుంటే సగం అయిపోయిందని మామగారు చెప్పే గుర్తు. రథసప్తమికి 108 సూర్య నమస్కారాలు చేస్తామంటే అలవాటున్నవాళ్లను ఆపను, అప్పుడింకా చలి ఉంటుంది. రోహిణి కార్తెలో అడిగితే మాత్రం ఒప్పుకోను. గుంటూరు ఎండలో ఆ రోజులన్నీ మా క్లాసులో నెమ్మది ఆసనాలు, శీతలి, శవాసనం, అంతే. "డబ్బులిచ్చి పడుకోవడానికా వచ్చింది" అని గొణిగేవాళ్లూ ఉన్నారు.

ఇంకోటి. అష్టాంగ హృదయం దినచర్యలో ముందు నూనె, తర్వాత వ్యాయామం, ఆపైన నలుగు, స్నానం. మన ఇళ్లలో పండగ తలంటుకి నూనె, సున్నిపిండి మిగిలాయి, మధ్యలో వ్యాయామం ఎగిరిపోయింది. ఆదివారం పూట ఆ క్రమంలో ఒకసారి చేసి చూడండి. అరికాళ్లకు, అరచేతులకు మాత్రం నూనె వద్దు, చాప మీద జారతారు.

కాబట్టి మీరు చూర్ణాలు కొనకముందే రాత్రి భోజనం టైము మార్చి, క్లాసులో ఏమేం చేయిస్తున్నారో ఒకసారి గమనించండి. బీపీ, హెర్నియా ఉన్నా, గర్భిణి అయినా కపాలభాతి జోలికి వెళ్లొద్దు. మంట ఛాతీకి పాకుతున్నా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించండి. ఆయుర్వేద మందు వాడేటట్టయితే డిగ్రీ ఉన్న వైద్యుడి దగ్గరే తీసుకోండి, ఇప్పటికే వేసుకుంటున్న ఇంగ్లీషు మందుల చీటీ కూడా ఆయనకు చూపించండి.