సంఘం పెరుగుతున్నప్పుడు పాస్టరు వేరే చోటికి వెళ్లవచ్చా? నా అనుభవం

బ్రదర్, వందనాలు. మీరు మొదలుపెట్టిన సంఘం పెరుగుతోంది, కొత్త మందిరం కూడా పూర్తయింది. అయినా వేరే జిల్లాలో సేవ చేయాలన్న భారం వదలడం లేదని, అది దేవుని పిలుపో అలసటో తేలడం లేదని అడిగారు. గుంటూరు జిల్లాలో ఒక స్వతంత్ర సంఘాన్ని నడిపి, అది బాగున్న రోజుల్లోనే ఇంకొకరికి అప్పగించి వచ్చినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

జనం పెరుగుతున్నారన్న దాన్నిబట్టి ఏదీ నిర్ణయించకండి. మార్కు 1లో అందరూ తనను వెదుకుతుండగానే ప్రభువు పక్క ఊళ్లకు బయల్దేరాడు. పౌలేమో కొరింథులో ఏడాదిన్నర, ఎఫెసులో మూడేళ్లు ఉండి బోధించాడు. నాకు దారి చూపింది మాత్రం అపొస్తలుల కార్యములు 13. అంతియొకయ సంఘం బలంగా ఉంది, బోధించేవాళ్లు అయిదుగురున్నారు. అలాంటప్పుడే వాళ్లలో ఇద్దరిని పంపమన్నాడు పరిశుద్ధాత్మ. ఆ మాట సౌలుకు (అంటే పౌలుకు) ఒక్కడికే చాటుగా రాలేదు, ఉపవాసముండి ఆరాధిస్తున్న వాళ్లందరి మధ్య వచ్చింది.

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టర్లకు బదిలీలుంటాయి. బిషప్ గారి దగ్గర్నుంచి ఉత్తర్వు వస్తే సామాను సర్దుకోవాల్సిందే. కష్టమే, కానీ ఆ నిర్ణయం బరువు ఒక్కడి మీద పడదు. మన స్వతంత్ర సంఘాల్లో ఆ ఉత్తర్వు ఇచ్చేవాళ్లు లేరు. అందుకే నేను మా సంఘంతో సంబంధం లేని ఇద్దరు పెద్ద పాస్టర్ల దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "ఎక్కడికి వెళ్తున్నావు అన్నది సరే, ఎవరి నుంచి వెళ్తున్నావు?" పెద్దల్లో ఒకాయనతో మాటపట్టింపు వల్లనో, కానుకలు తగ్గడం వల్లనో అయితే ముందు అది సరిచేసుకోమన్నారు. నా విషయంలో అలాంటిదేమీ లేదని నిర్ధారించుకున్నాకే ముందుకు నడిచాను.

అలసట సంగతి వేరు. డిసెంబరు మొదట్నుంచీ సెమీ క్రిస్మస్‌లు (పండుగకు ముందే జరిపే క్రిస్మస్ కూడికలు), 31 రాత్రి ఆరాధన, తర్వాత ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు. ఆ రోజుల్లో ఏ పాస్టరుకైనా వెళ్లిపోవాలనే ఉంటుంది. కొన్నాళ్లు బాధ్యతలు వేరేవాళ్లకిచ్చి విశ్రాంతి తీసుకోండి. నిద్రపట్టి, వాక్యం మళ్లీ రుచించాక కూడా ఆ కొత్త ఊరి భారం అలాగే ఉంటే అప్పుడు దాన్ని పిలుపుగా పట్టించుకోండి. పాస్టరమ్మ గారి మాట తప్పకుండా వినండి. మా ఆవిడ నన్ను, "ఇక్కడ మన పని ఇంకా మిగిలుందా, ఉండటం అలవాటైపోయిందా?" అని అడిగింది. చాలా రోజులు ఆ ప్రశ్నతోనే ప్రార్థన చేశాను.

నాకు స్పష్టత వచ్చింది సంఘాన్ని చూశాకే. నేను ఊళ్లో లేనప్పుడు స్త్రీల కూడిక ఆగలేదు. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే నేను తర్ఫీదిచ్చిన యువకుణ్ణే ప్రార్థనకు పిలుచుకునేవాళ్లు. ఒక కుటుంబ తగాదాను పెద్దలే కూర్చోబెట్టి సర్దారు, నాకు తర్వాతే తెలిసింది. ఎంత సంతోషించానో! మీ సంఘంలో ఇంకా ప్రతిదానికీ మీకే ఫోన్ వస్తుంటే మీ పిలుపు నిజమే కావచ్చు, కానీ వెళ్లే వేళ రాలేదు. ముందు మనుషుల్ని సిద్ధం చేయండి.

మందిరం అప్పు మిగిలి ఉంటే, అది తీరకుండా కదలవద్దు. చాలాచోట్ల స్థలం పాస్టరు పేరునే ఉంటుంది. మీదీ అంతే అయితే, సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించి, మీరుండగానే స్థలాన్ని దాని పేరుకు మార్పించండి. బ్యాంకు ఖాతాలో సంతకాలూ మార్చండి. ఇంకొకటి చాలామంది మరచిపోతారు: 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద మనలాంటి వాళ్లకిచ్చే, పెళ్లిళ్లు జరిపించే లైసెన్సు మనిషి పేరు మీద వస్తుంది, సంఘం పేరు మీద కాదు. తర్వాత వచ్చే పాస్టరు ముందుగానే తన పేరున దరఖాస్తు చేసుకోవాలి, లేకపోతే సంఘంలో పెళ్లి చేసుకునేవాళ్లకు సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది.

చెప్పేటప్పుడు ముందు పెద్దలకు చెప్పండి, తర్వాతే ప్రసంగ వేదిక మీద. పౌలు ఎఫెసు పెద్దలను మిలేతుకు పిలిపించి మాట్లాడాడు, వాళ్లు ఆయన మెడ మీద పడి ఏడ్చారు. మీవాళ్లూ ఏడుస్తారు. ఆ కన్నీళ్లు చూసి మనసు మార్చుకోవద్దు, తొందరపెట్టి వాళ్లను బాధపెట్టనూ వద్దు. మాకు అప్పగింత పనులకే కొన్ని నెలలు పట్టింది.

వెళ్లాక పాత సంఘం నుంచి పెళ్లికో, సమాధి కార్యక్రమానికో పిలుపులొస్తాయి. కొత్త పాస్టరు గారు స్వయంగా పిలిస్తే తప్ప వెళ్లకండి, వెళ్లినా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచే ఆచరణ) దగ్గర ఆయన్నే నిలబడనివ్వండి. ఆయన మీద ఫిర్యాదులు చెప్పడానికి ఫోన్ చేసేవాళ్లుంటారు. నేనైతే, "ఆయనతోనే మాట్లాడమ్మా" అని చెప్పి, ఫోన్‌లోనే ప్రార్థన చేసి పెట్టేస్తాను.