సదరం స్లాటు వచ్చిన మేనల్లుడికి

చిన్నా,

నీకు సదరం స్లాటు, అదే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకి తేదీ, దొరికిందని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. "నేనేం చెప్పలేదన్నయ్యా, వాడే సచివాలయానికి వెళ్లి రాయించుకొచ్చాడు" అంది. ఎంత సంతోషమేసిందో, ఫోను పెట్టేశాక అంత గుబులు పట్టుకుంది. నిద్ర రాక ఇది రాస్తున్నాను. మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు కదా. నీకు నా ముక్కుతో పాటు నా హీమోఫిలియా, ఈ రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు కూడా వచ్చింది. అందుకే ఈ ఒక్క విషయంలో మీ నాన్న కన్నా నేనే ఎక్కువ మాట్లాడతాను. ఏమీ అనుకోవద్దను.

ఆధార్‌లో, ఆస్పత్రి కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకో. ఒరిజినల్స్ ఒక కవర్లో, జిరాక్సులు ఇంకో కవర్లో పెట్టుకో. పెన్షన్ దగ్గర కరెంటు బిల్లు, భూమి, కారు లెక్కలు చూస్తారు. అది మీ నాన్న పని.

ఇక నీ ఫ్యాక్టర్ రిపోర్టు సంగతి, రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఒంట్లో ఎంత ఉందో చెప్పే కాగితం. అది ఎప్పటిది? నీకు ఆరేళ్లప్పుడు చేయించిందే అయితే కొత్తది చేయించు. వికలాంగుల పెన్షన్ వేరు, జబ్బు పెన్షన్ వేరు. మొదటిది 40 శాతం వైకల్యం మీద ఇస్తారు, 2024 జూలై నుంచి నెలకు 6,000. రెండోది 10,000, దానికి ఫ్యాక్టర్ 8 గాని 9 గాని 2 శాతం కన్నా తక్కువ ఉండాలి. అంటే ఆ కాగితం మీద పడే ఒక్క అంకె చాలా పని చేస్తుంది. నా పని అదే చెడగొట్టింది.

1995 వికలాంగుల చట్టంలో మన జబ్బు పేరే లేదు. ముప్పై ఏళ్లకే నా ఎడమ మోకాలు బిగుసుకుపోయినా, "కాలు ఉంది కదా, నడుస్తున్నావు కదా" అనేవాళ్లు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో తలసేమియా, సికిల్ సెల్‌తో పాటు హీమోఫిలియానీ చేర్చింది. 2018లో ఎవరో చెప్తే పరీక్షకి బయల్దేరాను. తెనాలి నుంచి బస్సులో పోవాలి. మీ అమ్మమ్మకి బస్సంటే భయం. అంతకు ముందు ఏడాది ఒక గతుకు దగ్గర మోకాలు కొట్టుకుని పన్నెండు రోజులు మంచం మీదే ఉన్నాను మరి. ముందు రోజు సాయంత్రం తను గొలుసు తాకట్టు పెట్టి రెండు వయల్స్, ఫ్యాక్టర్ మందు సీసాలు, తెచ్చింది. "ఎక్కించుకుని వెళ్లరా, నాకు ధైర్యంగా ఉంటుంది" అంది. ఎక్కించుకున్నాను.

పొద్దున్నే రక్తం ఇచ్చాను. రిపోర్టులో 18 శాతం వచ్చింది. చూసినాయన "మైల్డ్", అంటే జబ్బు కొంచెమే అని రాసి, నా వైపు చూడకుండానే తర్వాతి మనిషిని పిలిచాడు. అది నా రక్తంలో ఉన్న ఫ్యాక్టర్ కాదురా, మా అమ్మ గొలుసు! ఎక్కించిన ఫ్యాక్టర్ 8లో సగం కరగడానికే 8 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి ఎక్కించుకుని పొద్దున్నే పరీక్ష చేయిస్తే ఎవరికైనా అలాగే వస్తుంది. "ఈ మధ్య ఏమైనా ఎక్కించుకున్నావా?" అని నన్ను అడగలేదు, నాకై నేనూ చెప్పలేదు. చదువుకున్నవాణ్ణే, ఆ మాత్రం తెలియలేదు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని ఇంటికొస్తే, "జబ్బు తక్కువే ఉందంట అమ్మా, మంచిదే కదా" అన్నాను. తను దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మళ్లీ పరీక్ష చేయించుకుందామనుకునేసరికి కరోనా వచ్చింది. 1 శాతం లోపే అని సరైన రిపోర్టు చేతికొచ్చేటప్పటికి మూడేళ్లు పోయాయి, మీ అమ్మమ్మా పోయింది. ఆ వయల్స్ వల్లే అలా అయిందని తనకి చెప్పలేదు. మీ అమ్మకీ తెలియదు, నువ్వూ చెప్పకు.

కాబట్టి, రక్తపరీక్ష క్యాంపు రోజున కాకుండా ముందే వేరే రోజు పెట్టుకో. ఫ్యాక్టర్ ఎక్కించుకుని ఎన్ని రోజులయ్యాక ఇవ్వాలో నీ డాక్టర్‌నే అడుగు, నీ అంతట నువ్వు లెక్కలు కట్టకు. ఆ రోజుల్లో ఎక్కడైనా వాపు మొదలైతే పరీక్షని గంగలో కలిపి వెంటనే ఎక్కించుకో. పెన్షన్ కోసం కీలు పోగొట్టుకున్నావని తెలిస్తే వచ్చి మరీ తంతాను.

క్యాంపు రోజుకి మాత్రం డాక్టర్ చెప్పినట్టు ఎక్కించుకునే బయల్దేరు. అక్కడ "బాగానే ఉన్నానండీ" అనకు. నీకా అలవాటుంది, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు నవ్వుతావు. పోయినేడు ఎన్నిసార్లు రక్తం కారింది, ఏ కీలు, ఎన్ని రోజులు కాలేజీ పోయింది, తేదీలతో రాసుకెళ్లు. ఇంట్లో ఐసు పెట్టుకుని గడిపినవి వాళ్లకి ఎక్కడా కనపడవు, డిశ్చార్జి కాగితాలే కనపడతాయి. మోచెయ్యి పూర్తిగా చాపలేవు కదా, దాన్ని ఎముకల డాక్టర్‌తో కూడా కొలిపించమని అడుగు. కాలేజీ సీట్లలో 5 శాతం కోటా మనకీ వర్తిస్తుంది గాని, ఉద్యోగాల 4 శాతంలో రక్తపు జబ్బుల పేరు లేదు. అక్కడ కదలికల వైకల్యం సర్టిఫికెట్టే దారి. ఇది నాకు నలభై ఏడేళ్లప్పుడు తెలిసింది, అప్పటికి ఉద్యోగం వయసు దాటిపోయింది.

సర్టిఫికెట్ వచ్చాక కాగితాలు అటకెక్కించకు. 2025లో మళ్లీ తనిఖీలు పెట్టారు. నేనూ ఆ ఫైలు పట్టుకుని లైన్లో కూర్చున్నాను.

లైనంటే గుర్తొచ్చింది, నువ్వు నిలబడకు. కుర్చీ అడుగు, సిగ్గుపడకు. ఎవరైనా కండకి ఇంజెక్షన్ అంటే వద్దను. రక్తం తీసిన చోట పది నిమిషాలు నొక్కి పట్టుకో, ఫోను చూసుకుంటూ వదిలేయకు.

వద్దన్నా ఆ రోజు నేనొస్తాను. ఒంగోలు బస్టాండులో దిగాక ఫోను చేస్తా. ఐసు డబ్బా నేనే తెస్తాను, మీ అమ్మని పులిహోర మాత్రం చేయమను.

మీ మావయ్య