కత్తెర ఎక్కడ పెట్టాలో: తొలి హారర్ సినిమా తీసిన అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నీ సినిమా కాపీ, స్టూడియో పంపిన నోట్సు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నిడివి 108 నిమిషాల నుంచి 92కి దిగాలట. పెద్దవాళ్ల తోడు లేకుండానే పిల్లలు హాల్లోకి వెళ్లగలిగే సర్టిఫికెట్ రావాలట. మొదటి పది నిమిషాల్లో ఒక చావు పడాలట. క్లైమాక్స్ మార్చాలట. నువ్వెంత కుంగిపోయావో ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసింది. ముందు ఒక మాట చెప్పనీ: సినిమా బాగుంది. కాపాడుకోవలసిన సినిమా కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

కోపంలో జవాబు పంపకు. ఏ నోట్సులోనైనా రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. చూసినవాళ్లకి ఏమనిపించిందన్నది ఒకటి, దానికి వాళ్లు చెప్పే పరిష్కారం ఇంకొకటి. మొదటిది దాదాపు ఎప్పుడూ నిజమే. రెండోదాన్ని మాత్రం నమ్మకు. 34వ నిమిషం దగ్గర ‘ల్యాగ్’ అని రాశారంటే వాళ్లకి అక్కడ విసుగొచ్చింది, ఒప్పుకో. కానీ కారణం అంతకు చాలా ముందే ఉండొచ్చు. నీ కాపీలో జరిగింది అదే. నీ కథ జరిగే ఆ బడి పాత కథ వాచ్‌మన్ చెప్తాడు, తర్వాత లైబ్రేరియన్ చెప్తుంది, ఆపైన పిల్లలు పాత పేపర్లో చదువుతారు. ఒకటి ఉంచి రెండు తీసెయ్. నాలుగు నిమిషాలు అక్కడే దొరుకుతాయి.

వాళ్లు తీసెయ్యమన్న 34వ నిమిషం సీన్ మాత్రం వదులుకోకు. మెట్ల మీద ఇద్దరు స్నేహితురాళ్లు ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుని పాట వింటారు. ఒకమ్మాయి లేవబోతే వైరు లాగుతుంది, రెండో అమ్మాయి నవ్వుతుంది. ‘కథ నడవట్లేదు’ అని రాశారు. నిజమే, అక్కడ కథ నడవదు. కానీ 71వ నిమిషంలో వరండా నేల మీద ఆ ఇయర్‌ఫోన్స్ పడి ఉంటే, అందులోంచి సన్నగా ఆ పాటే వినిపిస్తుంటే నా ఒళ్లు జలదరించింది. మెట్ల సీన్ లేకపోతే అది ఉత్త వైరు ముక్క. టీనేజ్ హారర్‌లో భయమంతా ఆ పిల్లలు ఒకళ్లకొకళ్లు ఏమవుతారన్న దాని మీదే నిలబడుతుంది. నిడివి తగ్గించమనగానే అందరి కత్తెరా ముందు అటువైపే వెళ్తుంది. చావులు ఉంటాయి, చచ్చిపోయినవాళ్లెవరో చూసేవాడికి పట్టదు. స్టూడియో వాళ్లకి ఈ రెండు సీన్లనీ కలిపి చూపించు, విడివిడిగా వాదించకు.

ఇంకొకటి, భయానికి ముందుండే ఎదురుచూపు. ఆ వరండాలోనే అమ్మాయి తలుపు ముందు ఆగుతుంది. నువ్వు ఆ షాట్‌ని ఐదు సెకన్లు ఉంచావు, అంటే 120 ఫ్రేములు. వాళ్లు సగం చెయ్యమన్నారు. చేసి చూడు, హాల్లో ఉలిక్కిపడతారు, అంతే, భయపడరు. ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదంటే తలుపు తెరుచుకున్న తర్వాత తగ్గించు. ఆ దెయ్యం ముఖం నువ్వు చాలాసేపు చూపించావు. మూడో సెకనుకల్లా కన్ను అలవాటు పడిపోతుంది, మేకప్ కనిపించడం మొదలవుతుంది.

సర్టిఫికెట్‌కి అంత బెంగపడక్కర్లేదు. అమెరికాలో పీజీ-13 అన్నది, అంటే తోడు లేకుండా పిల్లలు వెళ్లగలిగినా 13 ఏళ్లలోపు వాళ్ల విషయంలో తల్లిదండ్రుల్ని హెచ్చరించే సర్టిఫికెట్, 1984లో వచ్చింది. అక్కడ ఆర్ సర్టిఫికెట్ సినిమాకి 17 ఏళ్లు నిండని పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా వెళ్లలేరు, అందుకే స్టూడియోలకి పీజీ-13 మీద అంత మోజు. అదే పీజీ-13తో 2002లో ‘ద రింగ్’ వచ్చి జనాన్ని వణికించింది. నెత్తురు తక్కువైనంత మాత్రాన భయం తక్కువ కాదు. గాయం క్లోజప్ తీసేసి, దాన్ని చూస్తున్న స్నేహితురాలి ముఖం పెట్టు. శబ్దం ఉంచు. చాలాసార్లు అదే ఎక్కువ పనిచేస్తుంది.

సినిమా దెబ్బతినేది సగం దారిలో మనసు మార్చుకున్నప్పుడు. ‘కర్స్‌డ్’ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1996లో ‘స్క్రీమ్’ ఇచ్చిన దర్శకుడు వెస్ క్రేవెన్, రచయిత కెవిన్ విలియమ్సన్ మళ్లీ కలిసి తీసిన తోడేలు మనిషి కథ. 2003లో షూటింగ్ మొదలై, మధ్యలో ఆగి, కథ మారి, చాలా భాగం మళ్లీ తీసి, 2005 ఫిబ్రవరికి గానీ బయటికి రాలేదు. స్కీట్ అల్‌రిచ్ చేసిన పాత్ర మొత్తం ఎగిరిపోయింది. రిక్ బేకర్ అంతటి మేకప్ మాంత్రికుడు తోడేలుని తయారుచేస్తే, దాని స్థానంలో చాలాచోట్ల కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చాయి. ఆర్ కోసం తీసిన సినిమాని చివర్లో పీజీ-13కి కత్తిరించారు. తర్వాత డీవీడీలో నెత్తురు తిరిగి కలిపిన వెర్షన్ కూడా ఇచ్చారు. అది చూడు, తప్పకుండా చూడు. నెత్తురు వచ్చింది గానీ సినిమా తిరిగి రాలేదు. ఎవరి కథ చెప్తున్నామన్నది అంతకుముందే పోయింది, దాన్ని కోసేసిన ముక్కల్లోంచి తెచ్చి అతికించడం ఎవరివల్లా కాదు.

మొదట్లోనే ఒక చావు కావాలన్న నోటుకి ‘సరే’ అనే ముందు 1986 నాటి ‘డెడ్లీ ఫ్రెండ్’ చూడు. అదీ క్రేవెన్‌దే. ఒక కుర్రాడు, పక్కింటి అమ్మాయి, కొంచెం సైన్సు, కొంచెం ప్రేమ. విడుదలకి ముందు జనానికి వేసి చూసే ప్రివ్యూ తర్వాత స్టూడియో పీడకలలు, నెత్తురు జోడించమంది. రెండు సినిమాలు ఒకే రీల్లో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. నీ సినిమాలో చావు అక్కర్లేదు. వాచ్‌మన్ రాత్రి తాళాలు వేసే షాట్ ఉంది కదా, నువ్వు 22వ నిమిషంలో పెట్టింది, దాన్ని ముందుకు తీసుకురా. వాళ్లు అడుగుతున్నది మొదట్లోనే ఒక అలజడి కావాలని. అది దాంతోనే వస్తుంది.

క్లైమాక్స్ మాట వచ్చినప్పుడు ఆర్టిస్టుల డేట్లు చేతిలో లేకుండా ఏదీ ఒప్పుకోకు. 1995 నాటి ఆరో ‘హాలోవీన్’కి ప్రివ్యూ తర్వాత ముగింపు మార్చాలన్నారు. అప్పటికే అందులో డాక్టర్ లూమిస్ అనే ముఖ్య పాత్ర వేసిన డొనాల్డ్ ప్లెజెన్స్ ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన లేకుండానే కొత్త ముగింపు తీశారు. సినిమా మొత్తాన్ని మోసిన మనిషి ఆఖర్న దాదాపు కనిపించడు. మొదటి వెర్షన్ దొంగ కాపీలుగా ఏళ్ల తరబడి తిరిగి, 2014లో గానీ అధికారికంగా రాలేదు. నీ సినిమాలో లైబ్రేరియన్ వేసినావిడ ఇప్పుడు ఎక్కడుందో, ఎన్ని రోజులు ఇవ్వగలదో రేపే కనుక్కో.

తీసేసిన ముక్కల్ని పారెయ్యకు, ఎవరినీ పారెయ్యనివ్వకు. 1981 నాటి ‘మై బ్లడీ వాలెంటైన్’లో కోసేసిన భాగంలో సుమారు 3 నిమిషాలు 2009లో దొరికి తిరిగి చేరాయి. 1988లో వచ్చిన ఏడో ‘ఫ్రైడే ద థర్టీన్త్’కి ఆ అదృష్టం లేదు. అందులో కోసినవి మసకబారిన వీడియో కాపీల్లోనే మిగిలాయి. నీ 108 నిమిషాల కాపీని సౌండ్ ట్రాకులతో సహా రెండు డ్రైవుల్లో పెట్టు, ఒకటి నీ దగ్గర ఉంచుకునేలా స్టూడియోతో రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఇది అడగడానికి మొహమాటపడకు.

ప్రివ్యూలో ఫారాలు నింపడం వాళ్లు చూసుకుంటారు. నువ్వు వెనక వరసలో నిలబడి తలల్ని చూడు. ఎక్కడ కుర్చీల్లో కదులుతున్నారు, ఎక్కడ ఫోన్ వెలిగింది, ఎక్కడ ఒక్కడూ కదల్లేదు, టైమ్‌తో సహా రాసుకో. మీటింగులో నీ అభిప్రాయం కన్నా ఆ కాగితానికి విలువ ఎక్కువ.

నా లెక్కలో 97 దాకా ఏ నొప్పీ లేకుండా దిగొచ్చు. మిగతా ఐదు నిమిషాల కోసం గట్టిగా బేరమాడు, రెండు ఇచ్చి మూడు నిలబెట్టుకో. వాచ్‌మన్ షాట్ ముందుకు జరిపి, పాత కథ ఒక్కసారికి కుదించి, వరండా సీన్‌కి తాత్కాలికంగా సౌండ్ వేసి పంపు. ఆదివారం లోపు వస్తే ఆ రాత్రే చూసి, షాట్ షాట్‌కీ రాసి పంపిస్తాను.

ప్రేమతో,
పెదనాన్న