మళ్ళీ కలిసిన నలుగురి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రిటర్న్ టు ఫరెవర్ అనే అమెరికన్ జాజ్-రాక్ బృందం 2008లో మళ్ళీ కలిసి తిరిగిన పర్యటన నుంచి వచ్చిన "రిటర్న్స్" అనే లైవ్ ఆల్బమ్ మీద రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషమేసింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఆల్బమ్ పెట్టుకుని, నీ వాక్యం దగ్గర ఆగి, పాట విని, మళ్ళీ నీ వాక్యం దగ్గరికి వచ్చాను. అలా చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. నన్ను అక్కా అన్నావు కాబట్టి చనువుగానే చెబుతాను.

నీ వ్యాసం చదివితే ఈ నలుగురూ (కీబోర్డ్ మీద చిక్ కొరియా, బేస్ మీద స్టాన్లీ క్లార్క్, గిటార్ మీద అల్ డి మియోలా, డ్రమ్స్ మీద లెనీ వైట్) ఎంత గొప్పవాళ్ళో తెలుస్తుంది. ఏం వాయించారో మాత్రం తెలియదు. "దిగ్గజాలు" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. "మంత్రముగ్ధులను చేశారు" రెండుసార్లు. "ఉర్రూతలూగించారు", "వీనుల విందు" చెరొకసారి. ఈ మాటలు ఏ కచేరీ గురించి రాసినా సరిపోతాయి, అదే వాటితో వచ్చిన చిక్కు. నీ చేతిలో ఉన్నది ఈ ఒక్క ఆల్బమ్. ఈ మాటలన్నీ కొట్టేసి, కొట్టేసిన ప్రతిచోటా ఆ క్షణంలో నీ చెవికి ఏం వినబడిందో రాసి చూడు. కొన్నిచోట్ల రాయడానికి ఏమీ దొరకదు. అక్కడ నువ్వు సరిగా వినలేదన్నమాట.

ఇది నాకు ఎవరో పుస్తకంలో చెప్పింది కాదు. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక లైవ్ ఆల్బమ్ మీద పెద్ద వ్యాసం రాసి ఒక పత్రికకి ఇచ్చాను. కవర్ మీద ఉన్న వివరాలన్నీ అందులోకి ఎక్కించాను. ఎడిటర్ అంతా చదివి ఒక్కటే అడిగారు: "ఫలానా పాటలో గిటార్ సోలో నడుస్తుండగా డ్రమ్మర్ ఏం చేస్తున్నాడు?" నా దగ్గర జవాబు లేదు. ఆ పాట ఇరవైసార్లు విని ఉంటాను, డ్రమ్మర్‌ని ఒక్కసారీ వినలేదు. ఇంటికి వెళ్ళి, ఆ రాత్రి పాటంతా డ్రమ్స్ కోసం మాత్రమే విన్నాను. అది వేరే పాటలా ఉంది. అప్పటి నుంచి వాద్యానికి ఒకసారి చొప్పున వినకుండా నేను ఒక్క వాక్యం కూడా రాయను.

నువ్వూ అలాగే చెయ్యి. ఈ ఆల్బమ్‌లో "సోర్సరెస్" ఉంది కదా, దానితో మొదలుపెట్టు. అది డ్రమ్మర్ లెనీ వైట్ రాసిన పాట. మొదట వచ్చింది 1976 నాటి "రొమాంటిక్ వారియర్" ఆల్బమ్‌లో. ఆ ఆల్బమ్‌ని కొలరాడో కొండల్లోని కారిబూ రాంచ్ స్టూడియోలో రికార్డ్ చేశారు. ముందు ఆ పాత రికార్డింగ్ విను. ఏడున్నర నిమిషాలు. నోట్‌బుక్‌లో ఎడమవైపు నిమిషాలు, సెకన్లు వేసుకో, కుడివైపు ఏం జరిగిందో రాసుకో. తర్వాత లైవ్‌ది పెట్టి, అదే పేజీలో ఇంకో రంగు ఇంకుతో రాయి. పాత రికార్డింగ్‌లో ఎవరికి ఎంత చోటు అన్నది ముందే కొలిచి పెట్టినట్టుంటుంది, ఒకరు ముగించీ ముగించకముందే ఇంకొకరు అందుకుంటారు. లైవ్‌లో పాట చాలాసేపు సాగుతుంది. నిడివి ఎక్కడ పెరిగిందో నీ నోట్‌బుక్ చెబుతుంది. కొత్త స్వరాలు వచ్చి చేరడం వల్ల పెరిగింది కొంతే. ఒకరు వాయిస్తుంటే మిగతా ముగ్గురూ తొందరపెట్టకుండా కాచుకుని ఉండటం వల్ల పెరిగింది ఎక్కువ. ఆ నిదానమైన నడకని డ్రమ్స్, బేస్ పట్టుకుని ఉంటే, దాని మీద వాక్యం పూర్తి చేయాలన్న ఆత్రం ఎవరికీ లేదు. నాకు ఈ ఆల్బమ్ మొత్తానికి అసలు విషయం అక్కడే వినబడింది. మళ్ళీ కలిసిన వాళ్ళ లైవ్ ఆల్బమ్‌లో రెండు కాలాలుంటాయి, అప్పటిదీ ఇప్పటిదీ. ఆ రెంటి మధ్య తేడా ఒక పాటలో, ఒక నిమిషం దగ్గర, చెవికి అందేలా చూపించగలిగితే నీ వ్యాసానికి ప్రాణం వచ్చినట్టే. ఈ ఉత్తరంలో నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీని వెనకాల వచ్చేవి.

రెండు తప్పులు దిద్దుకో. "32 ఏళ్ళ తర్వాత తొలిసారి కలిశారు" అని రాశావు. 1976లో విడిపోయిన మాట నిజమే. "రొమాంటిక్ వారియర్" వచ్చిన ఏడాదే లెనీ వైట్, అల్ డి మియోలా బృందంలో లేకుండా పోయారు. చిక్ కొరియా, స్టాన్లీ క్లార్క్ ఇతర కళాకారులతో అదే పేరు మీద 1977లో ఇంకో ఆల్బమ్ చేశారు. కానీ ఈ నలుగురూ 1983లో కొద్దికాలం కలిసి పర్యటించారు. కాబట్టి 2008 నాటికి గడిచింది పాతికేళ్ళు. అంకె చిన్నదైతే కథ బలహీనపడుతుందేమో అని భయపడకు. రెండో తప్పు: "ఆ ఒక్క రాత్రి" అని రాశావు. ఆల్బమ్ చివర్లో బీబీసీ జీవిత సాఫల్య పురస్కారాన్ని వీళ్ళకి సర్ జార్జ్ మార్టిన్ అందజేసిన ఘట్టం ఉంది చూడు, బీటిల్స్ నిర్మాత ఆయన. పర్యటనలోని వేర్వేరు సందర్భాలని ఒకచోట చేర్చారని అదొక్కటే చాలు తెలియడానికి. లైవ్ ఆల్బమ్ అంటే ఒకే రాత్రి అని మనం అనుకుంటాం గానీ, చాలావాటిలో పాటకో ఊరు ఉంటుంది. రాసేముందు చూసుకోవాలి.

ఫ్యూజన్ అన్న మాట గురించి కూడా చెప్పాలి. నువ్వు ఆ మాట వాడేసి ముందుకు వెళ్ళిపోయావు. తెలుగు పాఠకుడికి ఫ్యూజన్ అనగానే కర్ణాటక రాగానికి గిటార్, డ్రమ్స్ జోడించడం గుర్తొస్తుంది. ఇక్కడి సంగతి వేరు. 1960ల చివర అమెరికాలో రాక్ సంగీతం పెద్ద పెద్ద మైదానాలు నింపుతుంటే, జాజ్ చిన్న క్లబ్బుల్లో మిగిలింది. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందంలోకి ఎలక్ట్రిక్ వాద్యాలు తెచ్చాడు. 1969 ఆగస్టులో "బిచెస్ బ్రూ" ఆల్బమ్ రికార్డ్ చేశాడు. ఆ స్టూడియోలో ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్న వాళ్ళలో చిక్ కొరియా ఒకడు. డ్రమ్స్ వాయించిన వాళ్ళలో లెనీ వైట్ ఒకడు, అప్పటికి అతనికి 19 ఏళ్ళు. జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా, జో జావినుల్, వేన్ షార్టర్‌ల వెదర్ రిపోర్ట్ అనే ఫ్యూజన్ బృందాలు కూడా ఆ చుట్టుపక్కల నుంచి పుట్టినవే. ఇది నాలుగు వాక్యాల్లో చెప్పు, చాలు. చరిత్ర అంతా నెత్తినెత్తుకుంటే ఆల్బమ్ దగ్గరికి చేరేసరికి పాఠకుడు వెళ్ళిపోతాడు.

దానికన్నా వాద్యం గురించి చెప్పు. అక్కడ నీకు బోలెడు చోటుంది. ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానోలో తీగలుండవు. మీట నొక్కితే చిన్న సుత్తి లేచి సన్నటి లోహపు పుల్లని తాకుతుంది, ఆ కంపనాన్ని పక్కనున్న పికప్ విద్యుత్తుగా మారుస్తుంది. అందుకే ఆ శబ్దంలో గంటలాంటి గుండ్రదనం ఉంటుంది, గట్టిగా కొడితే గరగరమంటుంది. మినీమూగ్ సింథసైజర్ ఇంకో రకం. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, కానీ పక్కనున్న చక్రం తిప్పితే ఆ స్వరం వంగుతుంది. ఇది చాలా పెద్ద సంగతి. పియానోలో స్వరం వంగదు. గిటార్‌లో వంగుతుంది. అంటే మినీమూగ్ వచ్చాకే కీబోర్డ్ మనిషి గిటార్ మనిషితో ఎదురెదురుగా నిలబడి, అతని గొంతుతోనే జవాబు చెప్పగలిగాడు. ఈ ఆల్బమ్‌లోని "వల్కన్ వరల్డ్స్" పాట వింటూ ఏది గిటారో ఏది కీబోర్డో ఒక్క క్షణం తికమకపడ్డానని నువ్వు పక్కన ఎక్కడో చిన్నగా రాశావు. వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే. దాన్ని పైకి తీసుకురా. తికమక ఎందుకు కలిగిందో ఇప్పుడు నీకు తెలుసు, అది కూడా రాయి.

"ఈ వయసులో కూడా వేగం తగ్గలేదు" అన్న వాక్యం తీసెయ్యి. మెచ్చుకుంటున్నాననే నువ్వు రాశావు, నాకు తెలుసు. కానీ అది ముసలివాళ్ళ పరుగుపందెం చూసి చప్పట్లు కొట్టినట్టుంది. డి మియోలా 1974లో ఈ బృందంలో చేరేనాటికి 19 ఏళ్ళ కుర్రాడు. అప్పట్లో అతని చేతివేగమే అతని పేరు. 2008 జూలైలో, పర్యటన నడుస్తుండగా, అతనికి 54 నిండాయి. ఈ ఆల్బమ్‌లో అతనికి ఒక్కడికే ఇచ్చిన సోలో ఉంది, అకూస్టిక్ గిటార్ మీద. అందులోనూ వేగం ఉంది. ఆ వేగం మొదలయ్యే ముందు అతను ఎంతసేపు ఆగుతున్నాడు, ఒక్కో స్వరాన్ని ఎంతదాకా మోగనిస్తున్నాడు, అది విను. వయసు గురించి రాయాలనుంటే ఆ ఆగడం గురించి రాయి.

స్టాన్లీ క్లార్క్ సోలోని తని ఆవర్తనంతో పోల్చావు. ఒకచోట అయితే సరే. మన పాఠకుడికి దారి చూపడానికి అది పనికొస్తుంది. కానీ నువ్వు మూడు పేరాలు ఆ పోలిక మీదే నడిపావు, క్లార్క్ చేతులు ఎక్కడా కనబడలేదు. అతను ఆ నిలువెత్తు బేస్‌ని కుడిచేతి వేళ్ళన్నీ కలిపి గిటార్ మీటినట్టు మీటుతాడు. ఆ లావుపాటి తీగల మీద అలా చేయాలంటే వేళ్ళలో ఎంత బలం ఉండాలో ఊహించు. తని మాట ఒక్కసారి అని వదిలెయ్యి, వేళ్ళ గురించి మూడు వాక్యాలు రాయి.

నీ వ్యాసంలో ఒక్క లోపం కూడా ఎత్తి చూపలేదు. నచ్చని చోటు లేదా, లేక పెద్దవాళ్ళని ఏమైనా అంటే బాగుండదని టెన్షన్ పడ్డావా? రెండోదే అయితే, ఆ టెన్షన్ అక్కర్లేదు. నా మటుకు నాకు మొదటి డిస్క్‌లో కొన్నిచోట్ల అలుపొస్తుంది. నలుగురూ ఒకే ఎత్తులో, ఒకే గట్టిదనంతో చాలాసేపు వాయిస్తారు. ఎవరూ తగ్గకపోతే ఎవరు పెరిగారో తెలియదు. అకూస్టిక్ వాద్యాలు చేతికి తీసుకున్నాక ఆ బరువు దిగిపోతుంది, "నో మిస్టరీ" మొదలవగానే గదిలో కిటికీ తెరిచినట్టుంటుంది. నీకు ఇంకోలా అనిపించవచ్చు. ఎలా అనిపించినా, ఎక్కడ అనిపించిందో చెప్పి రాయి. వాళ్ళ మీద ప్రేమ ఉన్నవాడు రాసిన విమర్శ అని చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

చివరి పేరాలో "ఈ నలుగురూ మళ్ళీ ఒకే వేదిక మీదికి రావాలని కోరుకుందాం" అన్నావు. చిక్ కొరియా 2021 ఫిబ్రవరి 9న పోయాడు తమ్ముడూ. 79 ఏళ్ళు. నీకు తెలియక రాశావో, పాత సమీక్ష ఏదైనా చదివి ఆ ధోరణిలో వచ్చేసిందో నాకు తెలియదు. ఆ వాక్యం అలాగే అచ్చయి ఉంటే నిన్ను ఎవరూ నమ్మరు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆ సంగతి తెలిసి వింటే ఈ ఆల్బమ్ మారిపోతుంది. వచ్చిన కొత్తలో నేను దీన్ని మళ్ళీ మొదలైన ప్రయాణంలా విన్నాను. ఇప్పుడు వింటుంటే పియానో దగ్గరే ఉండిపోతున్నాను.

రెండో డిస్క్‌లో "రొమాంటిక్ వారియర్" అనే పాట దగ్గరికి వెళ్ళు, ఆ పాత ఆల్బమ్ పేరే దీనిదీ. నలుగురూ కలిసి పాట మొదలుపెడతారు. తర్వాత పాట ఆగి, క్లార్క్ ఒక్కడే మిగులుతాడు. ఆ తర్వాత లెనీ వైట్ ఒక్కడే. అవి రెండూ వేరే పేర్లతో, వేరే ట్రాకులుగా ఉన్నాయి. అంతా అయ్యాక, "రొమాంటిక్ వారియర్" అన్న పేరే ఇంకోసారి వస్తుంది, పక్కన కొనసాగింపు అన్న మాటతో. వదిలిపెట్టిన పాటని నలుగురూ మళ్ళీ ఎత్తుకుంటారు. ఆ మళ్ళీ ఎత్తుకునే చోటుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విను, మనిషికి ఒకసారి చొప్పున. వ్యాసం అక్కడి నుంచే మొదలుపెట్టు. అవార్డులు, తేదీలు మూడో పేరాలోకి నెట్టెయ్యి.

మొత్తం తిరగరాసేదాకా ఆగకు. ఆ మొదటి పేరా ఒక్కటీ రాయగానే పంపు. నోట్‌బుక్ పేజీ ఫోటో కూడా పెట్టు, రెండు రంగుల ఇంకుతో.

ప్రేమతో,
అక్క