తాతగారి ఇంగ్లీషు దస్తావేజులో మెస్సువేజ్, విట్‌నెస్సెత్ అంటే ఏంటి?

మీ తాతగారు కొన్న ఇంటి దస్తావేజు ఇంగ్లీషులో ఉందనీ, అందులో 'ఇండెంచర్', 'విట్‌నెస్సెత్', 'మెస్సువేజ్', 'హెయిర్స్ అండ్ అసైన్స్' లాంటి మాటలు అర్థం కావడం లేదనీ, వాటిలో ఏదైనా మెలిక ఉందా అనీ అడిగారు.

ఆ మాటల్లో మెలికేమీ లేదు. పాత భాష, అంతే. ఒక లాయరుగారి దగ్గర పదకొండేళ్లు దస్తావేజులు టైపు చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆ ధైర్యం మొదట్లో లేదు లెండి.

చేరిన రెండో నెలలో అనుకుంటా, ఒక పాత కాగితం ఇచ్చి అదే పద్ధతిలో కొత్తది కొట్టమన్నారు. అందులో 'ఆల్ దట్ మెస్సువేజ్' అని ఉంది. వెనకటి టైపిస్టు తప్పు కొట్టాడనుకుని, తెలివిగా 'మెసేజ్' అని దిద్దేశాను. అదీ స్టాంపు పేపరు మీద. లాయరుగారు కళ్లజోడు సర్దుకుని చదివి, "ఏమయ్యా, వీళ్లు అమ్మేది ఇల్లా, కబురా?" అన్నారు. ఆ స్టాంపు పేపరు ఖర్చు నా జీతంలోంచే పోయింది. మెస్సువేజ్ అంటే ఇల్లు, దానికి చేరి ఉన్న పాకలు, చుట్టూ ఉన్న దొడ్డి, అన్నీ కలిపి. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. పలకడం 'మెస్‌విజ్' అని. మనం 'ఇల్లూ వాకిలీ' అంటామే, దాదాపు అదే.

ఇండెంచర్ కథ నాకు భలే ఇష్టం. పూర్వం ఇంగ్లండులో ఒకే తోలు మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలా వంకరటింకరగా కోసి, చెరో ముక్క ఇచ్చేవారు. తగాదా వస్తే రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడటమే. పళ్లు కలిస్తే అసలుది, కలవకపోతే దొంగది. లాటిన్‌లో పన్నుని 'డెన్స్' అంటారు, డెంటిస్టు కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. మీ తాతగారి కాగితం అంచు తిన్నగానే ఉండుంటుంది, పేరు మాత్రం మిగిలిపోయింది. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు పోయిన కూలీలను 'ఇండెంచర్డ్' అనేది కూడా ఇలాంటి ఒప్పంద పత్రం వల్లే. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

'విట్‌నెస్సెత్' చూసి చాలామంది సాక్షి సంతకాల గురించి అనుకుంటారు. కాదు. చివర ఉన్న 'ఎత్' పాత క్రియా ప్రత్యయం, ఇప్పుడు 'ఎస్' పెట్టే చోట అప్పుడది పెట్టేవారు. 'హ్యాత్', 'డూత్' కూడా ఆ బాపతే. 'ఈ పత్రం తెలియజేయునది ఏమనగా' అని చదువుకోండి, సరిపోతుంది.

హియర్‌ఇన్‌ఆఫ్టర్, దేర్‌ఆఫ్, దేర్‌టు వరసగా వచ్చి విసిగిస్తాయి. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: 'హియర్' ఉంటే 'ఈ దస్తావేజు', 'దేర్' ఉంటే 'ఇంతకుముందు చెప్పిన ఆ వస్తువు'. హియర్‌ఇన్‌ఆఫ్టర్ అంటే ఇకపై ఈ దస్తావేజులో, దేర్‌ఆఫ్ అంటే దాని యొక్క. 'అఫోర్‌సెడ్' అంటే మన 'సదరు'.

అసైన్స్ అంటే మీ తాతగారు ఆ ఇంటిని అమ్మినా, దానమిచ్చినా, అలా పుచ్చుకున్నవాళ్లు. హెయిర్స్ వారసులు. రెండూ కలిపి రాశారంటే కొన్న హక్కు ఆయనతో ఆగిపోదు. మన దస్తావేజుల్లో 'పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వ హక్కులతో' అని రాస్తారు చూడండి, ఇంగ్లీషువాడు రెండు ముక్కల్లో తేల్చాడు. మన 'నిధి నిక్షేప జల పాషాణ'లు మాత్రం ఈ రోజుల్లో ఎంతమందికి అర్థమవుతాయి?

అన్నట్టు, ఆ కట్టలో పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే 'నో ఆల్ మెన్ బై దీజ్ ప్రెజెంట్స్' అని మొదలవుతుంది. ఇక్కడ ప్రెజెంట్స్ అంటే బహుమతులు కావు, ఈ పత్రమే. నేనూ మొదట బహుమతులనే అనుకున్నాను, కానీ అప్పటికి మెసేజ్ దెబ్బ తగిలి ఉంది కాబట్టి దిద్దలేదు.

ఇక నిజంగా మెలిక ఉంటే అది తేలిక మాటల్లో ఉంటుంది. 'ఫర్ లైఫ్' అనో, 'డ్యూరింగ్ హిస్ లైఫ్‌టైమ్' అనో ఎక్కడైనా ఉందేమో వేలు పెట్టి వెతకండి. ఉంటే, బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రమే ఇచ్చారేమో చూసుకోవాలి. 'అబ్సొల్యూట్‌లీ' అని ఉంటే పూర్తి హక్కులు ఇచ్చినట్టు. 'ఫర్ లైఫ్' కనిపిస్తే మాత్రం నా మాట మీద ఆగిపోకుండా ఆ పేజీ జిరాక్స్ తీసుకుని, ఈసీతో (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌తో) పాటు లాయరుకి చూపించండి.