ప్రయాణం ముగిసింది, కార్డు బిల్లు మిగిలింది

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. పెళ్లయి పాతికేళ్లు నిండిన సందర్భంగా నేనూ మావారూ ఏ టూరు కంపెనీ సాయమూ లేకుండా, టికెట్లూ హోటళ్లూ మేమే చూసుకుని, 12 రోజులు వియత్నాం తిరిగి వచ్చాము. 2 లక్షల్లో అయిపోతుందనుకున్నది 2,86,000 అయింది. ఖర్చంతా నా ఖాతా, నా కార్డు మీదే నడిచింది. కార్డులో ఇంకా 1,12,000 కట్టాలి. మావారు ఈఎంఐగా మార్చేద్దామంటున్నారు. నెలకు 10 వేల చొప్పున కడుతున్న 2 లక్షల చీటీ ఇంకా 14 నెలలుంది, పోయిన నెల పాట 38 వేల నష్టానికి వెళ్లింది, అయినా అది పాడుకుందామని నేనంటున్నాను. నా పేర 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కానీ అది అమ్మాయి చదువుకు. స్కూల్లో ఉద్యోగం మానేశాక ట్యూషన్లు చెబుతున్నాను, రిటర్ను వేయడం లేదు. హనోయ్‌లో చివరి రాత్రి హోన్ కియెమ్ చెరువు గట్టున కూర్చుని, ఇకమీదట ఏటా ఒక దేశం చూడాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాము. 18 లక్షల డాంగులు (వియత్నాం డబ్బు) చేతిలో మిగిలాయి. ఏం చేయమంటారు?

జవాబు: మిగతావన్నీ వారం ఆగినా నష్టం లేదు, కార్డు గడువు మాత్రం ఆగదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. కనీస మొత్తం కట్టి మిగతాది తర్వాత చూసుకుందామనుకుంటే, నెలకు 3.5 శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి మొదటి నెలలోనే దాదాపు 4,600 రూపాయలు పోతాయి. మీవారు చెప్పిన ఈఎంఐ అంతకన్నా మేలే గానీ, మీరు జతచేసిన బ్యాంకు ప్రతిపాదన ప్రకారం 16 శాతం చొప్పున 12 నెలలకు వడ్డీ, జీఎస్‌టీ కలిసి సుమారు 11,700 అవుతుంది, ప్రాసెసింగ్ ఛార్జీ దీనికి అదనం. ఇక చీటీ విషయానికొస్తే, మీ చీటీలో పోయిన నెల పాట 38 వేల నష్టానికి వెళ్లిందని మీరే రాశారు. 1,12,000 అవసరానికి 38 వేలు వదులుకోవడం నాకు ఏ లెక్కలోనూ సబబుగా కనిపించడం లేదు.

అమ్మాయి చదువు కోసమన్న మాటకు కట్టుబడి ఆ డిపాజిట్‌ను మీరిద్దరూ పక్కన పెట్టేశారు, కానీ దాన్ని రద్దు చేయకుండానే దాని మీద అప్పు తీసుకోవచ్చు. డిపాజిట్‌కు 7 శాతం వస్తుంటే, దాని హామీ మీద ఇచ్చే అప్పుకు బ్యాంకులు మామూలుగా ఒక శాతం ఎక్కువ, అంటే 8 శాతం, తీసుకుంటాయి. 1,12,000 తీసుకుని ఏడాదిలో తీర్చితే నెలకు దాదాపు 9,750 చొప్పున పడుతుంది, మొత్తం వడ్డీ సుమారు 4,900 అవుతుంది, డిపాజిట్ వడ్డీ దాని పాటికి అది పెరుగుతూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త అవసరం: అప్పు తీరేదాకా డిపాజిట్‌లో కనీసం అంత మేరకు మీ చేతికి రాదు కనుక, ఈ ఏడాది ఫీజు కట్టవలసిన నెల ఏదో చూసుకుని, మిగిలినదాంట్లో ఎంత తీసుకోనిస్తారో బ్యాంకులో కనుక్కుని, అది ఫీజుకు సరిపోతుందని నిర్ధారించుకున్నాకే సంతకం పెట్టండి.

86 వేలు ఎక్కడ ఎక్కువయ్యాయో మీరు అడగలేదు గానీ, మీరు పంపిన స్టేట్‌మెంటు చూశాక చెప్పకుండా ఉండలేను. విమానం, వీసా, బీమా కలిపి 82 వేలు. మిగిలిన 2,04,000ను 12 రోజులకు పంచితే రోజుకు 17 వేలు. మీరు వేసుకున్నది రోజుకు 10 వేలు. ఏడుసార్లు ఏటీఎంలో తీసుకున్న డబ్బుకు ఛార్జీలే 2,900 అయ్యాయి. హోయ్ ఆన్ పట్టణంలో మీవారికి కుట్టించిన రెండు సూటు కోట్ల బిల్లు మరీ విశేషం: స్టేట్‌మెంటులో మిగతా దుకాణాల పక్కన డాంగుల లెక్క ఉంది, ఆ ఒక్కదాని పక్కన మాత్రం నేరుగా 31,400 రూపాయలని ఉంది. అంటే కార్డు మెషీను మీద ‘రూపాయల్లోనా, డాంగుల్లోనా’ అని అడిగినప్పుడు మన రూపాయలే కదా అని మీరు అటు నొక్కి ఉంటారు. అలా నొక్కినప్పుడు మారకపు రేటును నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, దుకాణదారు వైపు బ్యాంకు. ఆ రేటులో వాళ్ల లాభం ముందే కలిసి ఉంటుంది, పైగా మన బ్యాంకుల్లో చాలా వరకు దానికి మళ్లీ రుసుము వేస్తాయి. స్థానిక కరెన్సీని ఎంచుకున్నా మామూలు కార్డుకు విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే 3.5 శాతం రుసుము (మార్కప్), దాని మీద జీఎస్‌టీ కలిపి లక్షకు 4,130 తప్పదు కాబట్టి, మరోసారి వెళ్లేముందు ఈ మార్కప్ లేని కార్డు తీసుకోండి. ఇప్పుడైతే ఈరోజే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీల మీటను ఆపేయండి.

ఏటా ఒక దేశం అన్న నిర్ణయం దగ్గర కొంచెం ఆగుదాం. దర్శనం చేసుకుని కొండ దిగి వచ్చే భక్తులు రైల్వేస్టేషనులో ‘ఇక ఏటా వస్తాం స్వామీ’ అనుకోవడం తిరుపతి వాళ్లుగా మీరు ఎన్నిసార్లు విని ఉంటారో! ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అది తిరుగు ప్రయాణపు బెంగ పలికించే మాట. మీ లెక్క ప్రకారం ఏడాదికి ఒకటి కుదరదు, రెండేళ్లకు ఒకటి కుదురుతుంది. చీటీని పాడకుండా చివరిదాకా ఉంచితే 14 నెలల తర్వాత దాదాపు 2 లక్షలు చేతికొస్తాయి (రిజిస్టరైన చీటీయేనా అన్నది మాత్రం ఒకసారి కనుక్కోండి). ఏడాదిలో డిపాజిట్ అప్పు తీరగానే అదే 9,750ను మరో ఏడాది రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 1,17,000, దాని మీద వడ్డీ. అంటే ఇవాళ్టికి రెండేళ్లకు దాదాపు 3,17,000 సిద్ధంగా ఉంటుంది, రోజుకు 17 వేల చొప్పున అయినా సరే, కార్డు మీద బాకీ లేకుండా వెళ్లి రావచ్చు. ఆ చెరువు గట్టు మాటను రెండేళ్లకు మార్చుకోమని మీవారికి నా మాటగా చెప్పండి.

రిటర్ను సంగతి తేలిగ్గా తీసుకోకండి. తన కోసమైనా, మరొకరి కోసమైనా విదేశీ ప్రయాణానికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినవారు, పన్ను కట్టవలసినంత ఆదాయం లేకపోయినా రిటర్ను దాఖలు చేయాలని 2019లో చట్టంలో చేర్చారు. ఆ సూటు కోట్ల ఖర్చు తీసేసినా మీరు ఆ పరిమితి దాటినట్టే కాబట్టి, పన్ను సున్నాగా వచ్చినా సరే, గడువులోగా వేసేయండి.

చివరగా ఆ 18 లక్షల డాంగులు. వినడానికి ఘనంగా ఉన్నా మన లెక్కలో సుమారు 6 వేల రూపాయలు. తిరిగి వచ్చాక 2,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించినదాన్ని 180 రోజుల్లో అప్పగించాలి. మీకు ఆ బాధ లేదు. మన దగ్గర డాంగులు కొనేవాళ్లు తక్కువ, కొన్నా రేటు గిట్టదు, హనోయ్ విమానాశ్రయంలోనే మార్చుకోవలసింది. అటు వెళ్లే బంధువులెవరైనా ఉంటే రూపాయలు తీసుకుని వాళ్లకు ఇచ్చేయండి. ఒక్క 20 వేల నోటు మాత్రం దాచుకోండి, దాని వెనక ఉన్నది మీరు హోయ్ ఆన్‌లో చూసి వచ్చిన జపాన్ వంతెనే.