సింధూకి, మీ మూడో ఆట బొమ్మల గురించి

సింధూ,

నువ్వు పంపిన రెండు స్క్రీన్‌షాట్లూ చూశాను. రెండూ బాగున్నాయి, అసలు తలనొప్పి అదే. ఒకటి చెత్తగా ఉంటే నీకు ఈ టెన్షనే లేదు. మీ సిరీస్‌లో మొదటి రెండు ఆటలూ కార్టూన్ పద్ధతిలో చేశారు, ఇప్పుడు మూడోదానికి మీ ప్రొడ్యూసర్ "రియలిస్టిక్‌గా లేకపోతే పెద్దవాళ్లు ముట్టుకోరు" అంటున్నాడు, నువ్వేమో పిన్నీ ఏది కరెక్టో ఒక్క ముక్కలో చెప్పేయ్ అంటున్నావు. ఒక్క ముక్కలో తేలేదైతే ఫోన్లోనే చెప్పేదాన్ని కదే.

ఈ గొడవ మీ మాదాపూర్ ఆఫీసులో పుట్టింది కాదు. నువ్వు నింటెండో కంపెనీ వాళ్ల జెల్డా ఆటలు ఆడావు గానీ బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ నుంచే ఆడావు, అందుకని పాత కథ కొంచెం ఓపిగ్గా విను. 1986లో మొదలైన ఆ సిరీస్ 1998లో ఒకరినా ఆఫ్ టైమ్‌తో త్రీడీలోకి వచ్చింది. 2000లో నింటెండో వాళ్లు తమ కొత్త ఆటల మెషిన్ గేమ్‌క్యూబ్ సత్తా చూపించడానికి స్పేస్ వరల్డ్ ప్రదర్శనలో చిన్న డెమో ఒకటి వేశారు. హీరో లింక్, విలన్ గానన్‌డార్ఫ్ ఎదురెదురుగా నిలబడి కత్తులతో కొట్టుకుంటారు, అంతే. ఆ రోజులకి అది నిజం మనుషుల్లాగే కనిపించింది. వాళ్లు వేసింది మెషిన్ గొప్ప చూపించే ముక్క, జనం మాత్రం తర్వాతి జెల్డా ఇలాగే ఉంటుందని మాట ఇచ్చినట్టు లెక్కేసుకున్నారు. మరుసటేడు అదే ప్రదర్శనలో తర్వాతి జెల్డా, విండ్ వేకర్, చూపించారు. పెద్ద తల, పొట్టి కాళ్లు, ముఖమంతా కళ్లే ఉన్న లింక్. అభిమానులు భగ్గుమన్నారు, కార్టూన్లు గీసే "సెల్"ని జెల్డాకి అతికించి "సెల్డా" అని పేరు పెట్టి మరీ ఏడిపించారు.

కాబట్టి ముందు ఈ పని చెయ్. మీ ప్రొడ్యూసర్ ముచ్చట తీర్చడానికి చేసిన ఆ రియలిస్టిక్ హీరో టెస్ట్ రెండర్ ఉంది చూడు, దాన్ని ఎక్కడా పోస్ట్ చెయ్యనివ్వకు. "ఊరికే ట్రై చేశాం" అని కింద రాసినా ఎవరూ చదవరు. ఒకసారి బయటికెళ్లిందంటే మీరు ఏ ఆట చేసినా దాంతోనే పోలుస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. విండ్ వేకర్ జపాన్‌లో 2002 డిసెంబరులో, అమెరికాలో 2003లో వచ్చింది. నువ్వు దాన్ని తెచ్చుకుని కాసేపు ఆడు, కథ కోసం కాదు, లింక్ కళ్ల కోసం. దగ్గర్లో పనికొచ్చే వస్తువు ఉంటే, దూరంగా శత్రువు ఉంటే, వాడి తల, కళ్లు అటు తిరుగుతాయి. బాణం గుర్తు లేదు, "ఇక్కడ నొక్కండి" అని రాయడం లేదు. అంతంత పెద్ద కళ్లు కాబట్టే ఆ చూపు సోఫాలో కూర్చున్న మనకి కూడా అందుతుంది. కనుబొమ్మలైతే జుట్టు మీదుగా గీసేశారు, ముంగురులు అడ్డొచ్చినా వాడి కోపం, భయం కనబడాలని. గాలి ఎటు వీస్తోందో తెల్లటి వంపుల గీతలు చెప్తాయి, ఆటంతా పడవ మీదే కాబట్టి అది తెలియకపోతే ముందుకే పోలేం. బాంబు పేలితే పొగ సుడులు తిరిగిన చెక్కబొమ్మలా లేస్తుంది. గేమ్‌క్యూబ్‌లో ప్రధాన మెమరీ 24 మెగాబైట్లే. అంత ఇరుకులో సముద్రాన్ని నిజం నీళ్లలా చెయ్యబోయి ఉంటే ఏమయ్యేదో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇదంతా పిల్లల కోసం ముద్దుగా చేసిన పని కాదే, ఆడేవాడికి ఏది కనబడాలో ముందే తేల్చుకుని చేసిన పని.

అలాగని జనం గోల అంతా గాలి మాట అని కొట్టిపారెయ్యకు. అమెరికాలో విండ్ వేకర్ అమ్మకాలు అనుకున్నంత సాగలేదు, ఆ బొమ్మల వల్ల చిన్నపిల్లల ఆట అనుకుంటున్నారన్న సంగతి దర్శకుడు ఐజీ అవోనుమా చెవిన పడింది. దాని కొనసాగింపుగా అనుకుంటున్న ఆటని పక్కన పెట్టి, రియలిస్టిక్ జెల్డా చేద్దామని ఆ సిరీస్ సృష్టికర్త మియామోటో దగ్గరికి వెళ్లింది కూడా ఆయనే. 2004లో ఈత్రీ అనే ఆటల ప్రదర్శనలో ఆ ట్రైలర్ వేస్తే హాలంతా లేచి అరిచింది. అదే 2006లో ట్విలైట్ ప్రిన్సెస్ అయింది, విండ్ వేకర్ కంటే దాదాపు రెట్టింపు అమ్ముడైంది. డబ్బు పెట్టేవాడు ఈ లెక్క నీ ముందు పెడితే నీ దగ్గర జవాబు ఉండాలి.

జవాబు ఏంటంటే, వాళ్లు పైపూత మార్చి ఊరుకోలేదు. లింక్ వయసు పెంచారు, గుర్రం మీద స్వారీ చేస్తూ కత్తి తిప్పడం అనే కొత్త పోరాటం పెట్టారు, వాణ్ణి తోడేలుగా మార్చారు, లోకం మీద సంధ్య చీకటి కప్పారు. ఆ కథకి ఆ రూపం కావాలి. మీ మూడో భాగంలో ఏం మారింది? నువ్వు పంపిన డిజైన్ పత్రం మొత్తం చదివాను, అదే పన్నెండేళ్ల పిల్ల, అదే కోట, అవే తాళాలు, అవే జోకులు. బొమ్మ ఒక్కటీ రియలిస్టిక్ చేస్తే ఆ జోకులు చచ్చిపోతాయి, రాసి పెట్టుకో. నిజం పిల్లలా కనబడే పిల్ల ముప్పై అడుగుల గోడ మీంచి దూకి లేచి దులుపుకుంటే నవ్వు రాదు, భయమేస్తుంది.

ఇంకొకటి, ఇది నా సొంత అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్లేదు. ట్విలైట్ ప్రిన్సెస్ ఆడినవాళ్లని ఎవరు గుర్తున్నారని అడుగు, మిడ్నా అంటారు. సగం ముఖం మీద శిరస్త్రాణం, ఒంటి కోరతో తోడేలు వీపునెక్కి కూర్చునే ఆ మరుగుజ్జు ఆ ఆట మొత్తంలో అందరికంటే కార్టూన్ పాత్ర. ఊళ్లో నిజంలాంటి మనుషులు ఒక్కరూ గుర్తుండరు.

రియలిజం అంటే నాకు పడదని అనుకునేవు. సాలార్‌జంగ్ మ్యూజియంలో వెయిల్డ్ రెబెక్కా విగ్రహం దగ్గర నిలబడితే నాకు ఇప్పటికీ కాళ్లు కదలవు. పాలరాయి అని తెలుసు, అయినా ముఖం మీద తడి ముసుగు అతుక్కున్నట్టే ఉంటుంది. కానీ బెంజోనీ చెక్కిన రాయి పక్కన మరో ఐదేళ్లకి ఇంకా మంచి రాయి మార్కెట్లోకి రాదు, మన ఆటలకి మాత్రం ఇంకా మంచి మెషిన్ వస్తుంది. 1998లో ఒకరినా ఆఫ్ టైమ్ ముఖాలు చూసి ఎంత నిజంగా ఉన్నాయో అనుకున్నాం, ఇప్పుడు చూస్తే అట్టముక్కలు అతికించినట్టున్నాయి. ట్విలైట్ ప్రిన్సెస్‌లోని ఆ గోధుమరంగు మసక కూడా చూడగానే ఏ కాలందో పట్టిచ్చేస్తుంది. విండ్ వేకర్‌ని 2013లో నింటెండో వాళ్ల వీ యూ (Wii U) మెషిన్‌కి హెచ్‌డీలో తెస్తే గీత చెక్కుచెదరలేదు, పైగా కొత్తగా వేసిన వెలుగు మరీ ఎక్కువైందని, పాతదే నయమని గొణిగినవాళ్లున్నారు. అందులో నేనూ ఉన్నాను.

సిరీస్ అంటే ఒకటే రూపానికి కట్టుబడి ఉండాలనీ లేదు. ట్విలైట్ ప్రిన్సెస్ హిట్టయిన మరుసటేడే, 2007లో, డీఎస్ చేతి మెషిన్‌కి ఫాంటమ్ అవర్‌గ్లాస్ చేశారు, అందులో మళ్లీ ఆ పెద్ద కళ్ల లింకే. చిన్న తెర మీద వాడైతేనే కనబడతాడు. 2017లో బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ చూడు, చాలామంది దాన్ని రెండింటికీ మధ్య రాజీ అంటారు, నాకలా అనిపించదు. అంత పెద్ద మైదానంలో కొండ మీంచి చూస్తే ఎక్కడికి వెళ్లాలో మన కంటికే తట్టాలి, అందుకని గడ్డి, ఆకాశం నీటిరంగుల బొమ్మలా మెత్తగా వదిలేసి, టవర్లని, ఇంకా తెరవని గుళ్లని నారింజ వెలుగుతో మెరిపించారు. అది ఆ మైదానం అడిగిన రూపం.

మరి మీ ఆట ఏమడుగుతోంది? ఆడేవాళ్లలో ఎక్కువమంది చేతిలో పది పన్నెండు వేల రూపాయల ఫోన్ అన్నావు. రెండు టెస్టులూ అలాంటి ఫోన్లో వేసుకుని, మధ్యాహ్నం పూట రాయదుర్గంలో మెట్రో ఎక్కు. అమీర్‌పేట దాకా కిటికీ పక్కన నిలబడి ఆడు. ఎండ తెర మీద పడుతుంది, రైలు ఊగుతుంది, ఎవరో ఒకరు బ్యాగ్‌తో పొడుస్తారు. అప్పుడు ఆ పిల్ల ఎక్కడుందో, ఏ అంచు పట్టుకుని ఎక్కొచ్చో, కాపలావాడు ఇటు చూస్తున్నాడో అటు చూస్తున్నాడో తెలుస్తోందా? ఆఫీసులో ఆ ఖరీదైన మానిటర్ ముందు, ఏసీలో కర్టెన్లు వేసుకుని తీసుకున్న నిర్ణయం ఇక్కడ తేలిపోతుంది. దాంతోపాటు స్క్రీన్‌షాట్‌ని నలుపు తెలుపుల్లోకి మార్చి, బొటనవేలి గోరంత చేసి చూడు. నీ రియలిస్టిక్ కోటలో పిల్ల రాళ్లలో కలిసిపోయింది, నేను రెండుసార్లు వెతుక్కున్నాను.

ఖర్చు గురించి కూడా మాట్లాడాలి. రియలిస్టిక్ అంటే ఒక్క పాత్రకే శిల్పంలా చెక్కాలి, మళ్లీ తక్కువ పాలీగాన్లతో కట్టాలి, టెక్స్చర్లు వెయ్యాలి, చర్మం, జుట్టు, ముఖంలో కండరాల కదలిక, పైగా మోకాప్, అంటే నిజం మనిషి కదలికల్ని రికార్డు చేసి బొమ్మకి ఎక్కించడం. అక్కడితో ఆగితే అప్పో సప్పో చేసి ఈదేస్తారు, కానీ ఆగదు. హాల్లో ఇటాలియన్ మార్బుల్ వేశాక వంటింట్లో పాత గచ్చు కళ్లలో పొడుచుకున్నట్టే, హీరో ముఖం నిజంగా ఉంటే పక్కనున్న కుండ, తలుపు, మేక అన్నీ ఆ స్థాయికి రావాలి. మీరు ఆరుగురు. మనూళ్లో ఏళ్ల తరబడి పెద్ద విదేశీ ఆటలకి రియలిస్టిక్ తుపాకులు, బళ్లు, రాళ్లు చేసిపెట్టినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఒకణ్ణి పెట్టుకుంటే చాలంటాడు మీ ప్రొడ్యూసర్. వాళ్ల వెనక ఎంత పెద్ద టీమ్ ఉంటుందో నేను చూశాను.

అలాగని కార్టూన్ చవక అనే భ్రమలో కూడా ఉండకు, మీ మొదటి ఆటలో ఆ భ్రమ కనబడుతోంది. త్రీడీ బొమ్మకి కార్టూన్ నీడలు వేసే టూన్ షేడర్ ఆన్ చేసి వదిలేస్తే ఏమవుతుందో పిల్ల ముఖం దగ్గరికి జూమ్ చేసి చూడు. ముక్కు పక్కన మసిగుడ్డ ముక్కలా ఒక మూడుమూలల నీడ, తల తిప్పినప్పుడల్లా బుగ్గ మీదకి పాకుతుంది. 2014లో గిల్టీ గేర్ ఎక్సర్డ్ అనే ఫైటింగ్ ఆట చేసినవాళ్లు త్రీడీ బొమ్మ చేతితో గీసినట్టు కనబడాలని వెలుగునీడలు ఎక్కడ పడాలో చెప్పే నార్మల్స్‌ని చేత్తో దిద్దారు, కదలికల మధ్య కంప్యూటర్ నింపే నున్నదనాన్ని తీసేసి ఒక్కో పోజూ తామే పెట్టారు. నువ్వు అంత చెయ్యక్కర్లేదు, ముఖం వరకు దిద్దు. రియలిజంలో టెక్స్చర్ వెనక దాక్కోవచ్చు, ఇక్కడ గీత తప్పితే దాక్కోవడానికి చోటుండదు. టీమ్‌లో మంచి యానిమేటర్‌ని అడిగినంత జీతం ఇచ్చైనా నిలబెట్టుకోండి.

"పిల్లల ఆట" అనే మాటకి వస్తా. మన దగ్గర కార్టూన్ అనగానే ఛోటా భీమ్ గుర్తొస్తాడు, 2008 నుంచి ఇంటింటా ఉన్నాడు, అదీ మన హైదరాబాద్‌లో తయారైనవాడే, కాబట్టి ప్రొడ్యూసర్ భయం ఊరికే పుట్టలేదు. కానీ కార్టూన్ అంటే ఆ ఒక్క రకమేనా? చేర్యాల నకాషీ పటాలు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? చదును రంగులు, పెద్ద కళ్లు, చుట్టూ తెగువగా నల్లటి గీత. వాటి ముందు కూర్చుని కులపురాణాలు విన్నది పెద్దవాళ్లే. మీ ఆటకి పెద్దతనం కావాలంటే తల చిన్నది చెయ్, కాళ్లు పొడుగు చెయ్, రంగులు తగ్గించు, గీత గరుకు చెయ్, రాత్రి సీన్లలో నిజంగా చీకటి ఉండనివ్వు. రియలిస్టిక్ అవ్వకుండానే వయసొస్తుంది. చేర్యాల నుంచి తీసుకుంటే మాత్రం ఆ ఎర్ర నేపథ్యాన్ని ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టకు, నీ ప్రాణం గుర్తులు, శత్రువు తలపాగా రెండూ ఎరుపే, అన్నీ అందులో మునిగిపోతాయి. చార్మినార్ కూడా పెట్టకే తల్లీ. గోల్కొండకి పొద్దున్నే వెళ్లి, ఆ బండరాళ్ల మధ్యలోంచే గోడ ఎలా లేచిందో గీసుకురా, మీ కోట డిజైన్‌లో లేనిది అదే.

నా ఓటు కార్టూన్‌కే అని ఈపాటికి నీకు అర్థమయ్యే ఉంటుంది. కథ మార్చి, ఆ పిల్లని పెద్దదాన్ని చేసి, దెబ్బ తగిలితే నొప్పి పుట్టే ఆట చేస్తానంటే మళ్లీ మాట్లాడుకుందాం, అప్పుడు నేనే అటు మొగ్గుతానేమో.

సోమవారం మీటింగ్‌లో మాత్రం రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి చూపించకు. కదలకుండా ఉన్నప్పుడు ఎవరి కన్నైనా రియలిస్టిక్ దాని మీదకే పోతుంది, నాదీ పోయింది. రెండు వెర్షన్లలోనూ ఆ కాపలావాళ్ల వరండా ఒక్కటే ఉంచి, ఫోన్ ఆయన చేతికిచ్చి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, ఆడమను. ఎన్నిసార్లు దొరికిపోతాడో నువ్వు పక్కన కూర్చుని లెక్కపెట్టు. మధ్యలో మాట్లాడకు. ఏ బటన్ నొక్కాలని అడిగినా చెప్పకు.

మీ అమ్మకి చెప్పు, వచ్చే ఆదివారం నేను వస్తున్నాను.

మీ పిన్ని